కోవిడ్ అప్పుడు ఇచ్చిన బ్యాడ్జీ ఇంకా మెడలోనే ఉంది, ఇప్పుడు వాచీ కూడా కట్టుకోమంటున్నారు

మూడోక్యాబిన్
మా ఆఫీసులో 2020లో అందరికీ మెడలో వేసుకునే బ్యాడ్జీలు ఇచ్చారు. ఇద్దరు ఆరడుగుల కంటే దగ్గరికొస్తే జుయ్‌మని కంపించేవి. గేటు దగ్గర ముఖం చూసి టెంపరేచర్ చెప్పే కెమెరా పెట్టారు. పొద్దున్నే యాప్‌లో దగ్గుందా, జ్వరముందా, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అని ప్రశ్నలు. జవాబివ్వకపోతే గేటు తెరుచుకోదు. అప్పుడు ఎవరం నోరెత్తలేదు. ఒకపక్క ప్రాణభయం, ఇంకోపక్క ఉద్యోగాలు ఊడుతున్న రోజులు.

తర్వాత కెమెరా తీసేశారు, ప్రశ్నలూ ఆగాయి. బ్యాడ్జీ మాత్రం అలాగే ఉండిపోయింది. తలుపులు దాంతోనే తెరుచుకుంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మొన్న అప్రైజల్‌లో మా మేనేజర్ "మీరు మీ టీమ్ దగ్గర కంటే పక్క టీమ్ దగ్గరే ఎక్కువసేపు ఉంటున్నట్టున్నారే" అన్నాడు. ఎవరో చాడీలు చెప్పారనుకున్నాను. లాప్‌టాప్ కాస్త ఇటు తిప్పేసరికి స్క్రీన్ మీద చుక్కలూ గీతలూ ఉన్న బొమ్మ కనిపించింది. ఒక్కో చుక్క ఒక్కో మనిషి. గీత ఎంత లావుంటే అంతసేపు కలిసి ఉన్నట్టట.

ఇప్పుడు కొత్తగా "ఆరోగ్య సంక్షేమ కార్యక్రమం" అని చేతికి వాచీ ఇస్తామంటున్నారు. గుండె వేగం, నిద్ర, ఒంటి వేడి అన్నీ చూస్తుందట. ఇంకో మహమ్మారి వస్తే ముందుగా పసిగట్టడానికట. చేరడం ఐచ్ఛికం అని రాశారు కానీ, అందరికీ కనిపించే షీట్‌లో సంతకం పెట్టనివాళ్ళ పేరు ఎర్ర గడిలో ఉంటుంది. మా వరసలో ఎర్ర గడి నాదొక్కటే. పెట్టేయనా, ఆగనా?

చెవిలోపువ్వు
కోవిడ్ అత్యవసర పరిస్థితి అయిపోయిందని డబ్ల్యూహెచ్‌ఓ 2023 మే 5న ప్రకటించింది. మీ బ్యాడ్జీకి ఆ కబురు అందినట్టు లేదు.

గోడమీదపిల్లి
సంతకం పెట్టేసి వాచీ కుక్క మెడకి కట్టండి. రోజంతా పరుగులు, రాత్రంతా కమ్మటి నిద్ర. ఉత్తమ ఉద్యోగి మీరే.

సర్క్యూట్‌బోర్డ్
నేను ఇలాంటి బ్యాడ్జీలకి ఫర్మ్‌వేర్, అంటే లోపల నడిచే సాఫ్ట్‌వేర్, రాసే టీమ్‌లో పనిచేశాను, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

ఆ చుక్కల బొమ్మని నమ్మొద్దు. ఈ బ్యాడ్జీల్లో ఉండే బ్లూటూత్ దూరాన్ని కొలవదు. అవతలి సిగ్నల్ ఎంత గట్టిగా వస్తోందో చూసి దూరాన్ని ఊహిస్తుంది. మనిషి ఒళ్ళు చాలావరకు నీరే కాబట్టి ఆ సిగ్నల్‌ని మింగేస్తుంది. బ్యాడ్జీ ఛాతీ మీద ఉంటే ఎదురుగా ఉన్నవాడు దగ్గరగా, వీపు తిప్పి కూర్చున్న పక్కవాడు దూరంగా కనిపిస్తారు. ఇనుప బీరువాలుంటే సిగ్నల్ తగిలి తిరిగొస్తుంది. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ వాళ్ళు 2020లో ఒక ట్రామ్‌లో ఫోన్లు పెట్టి పరీక్షించారు. ఎవరు దగ్గర, ఎవరు దూరం అని అది చెప్పింది బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికంటే మెరుగ్గా ఏమీ లేదని తేలింది. ఇక పల్చటి గోడకి అటూ ఇటూ గోడ వైపు తిరిగి కూర్చున్న ఇద్దరు, ఒకరి ముఖం ఒకరు చూడకపోయినా, మీ మేనేజర్ బొమ్మలో ప్రాణస్నేహితులే.

రెండోది అసలైనది. 2020 ఏప్రిల్ 10న ఆపిల్, గూగుల్ కలిసి ప్రకటించిన పద్ధతి చూడండి. అందులో ఫోన్ పంపేది పేరు కాదు, పది ఇరవై నిమిషాలకోసారి మారిపోయే ఏదో ఒక సంఖ్య. ఎదుటి ఫోన్ల సంఖ్యలు మన ఫోన్‌లోనే ఉంటాయి. ఎవరికైనా పాజిటివ్ వచ్చి, వాళ్ళు ఒప్పుకుంటే, వాళ్ళ సంఖ్యలు బయటికొస్తాయి. పోల్చి చూసే పని మన ఫోన్‌లోనే జరుగుతుంది. ఎవరు ఎవరిని కలిశారో మధ్యలో ఉన్నవాడికి తెలియదు. కంపెనీ బ్యాడ్జీలు చాలావాటిలో దీనికి పూర్తిగా ఉల్టా. మారని నంబరు, అది ఎంప్లాయీ ఐడీకి కట్టేసి ఉంటుంది, మొత్తం వెండర్, అంటే బ్యాడ్జీలు అమ్మిన కంపెనీ, సర్వర్‌కి పోతుంది.

పెన్నుమూత
హెచ్‌ఆర్‌లో ఉన్నాను, ముందే చెప్పేస్తున్నా, రాళ్ళు సిద్ధం చేసుకోండి. @సర్క్యూట్‌బోర్డ్ మీరు చెప్పిన పద్ధతి కాగితం మీద బాగుంటుంది. ఒకరికి పాజిటివ్ వచ్చిందని పొద్దున ఆరింటికి ఫోనొస్తే, షిఫ్ట్ ఎనిమిదికి మొదలవుతుంటే, "మీ ఫోన్లు చూసుకోండి, ఎవరికైనా మెసేజ్ వచ్చి ఉంటే మీ ఇష్టం" అని వదిలేయలేం కదా. ఎవరు ఇంటి దగ్గర ఆగాలో పేరుతో సహా కావాలి. పేర్లు లేకపోతే ఫ్లోర్ మొత్తం మూసేయాలి.

సర్క్యూట్‌బోర్డ్
ఆ రోజు కావాలి, ఒప్పుకుంటాను. రెండు వారాల తర్వాత దేనికి?

పెన్నుమూత
దేనికీ అక్కర్లేదు. మేం రెండు వారాలు దాటినవి చెరిపేశాం. అప్రైజల్‌లో వాడటం ఏ హెచ్‌ఆర్ పుస్తకంలోనూ లేదు. ఆ ఎర్ర గడులైతే మరీ అన్యాయం.

పాతకాపు
అందరూ ఒకపక్కే మాట్లాడుతున్నారు కాబట్టి రెండోపక్క నేను చెప్తా. మా పాత ఆఫీసులో ఒకాయన జ్వరం మాత్ర వేసుకుని డ్యూటీకొచ్చాడు, సెలవులు కట్ అవుతాయని. వారం తిరిగేసరికి మా వరస మొత్తానికి అంటుకుంది. నా పక్క సీటు కుర్రాడి నుంచి వాళ్ళ నాన్నకి అంటుకుంది, ఆయన దక్కలేదు. ఆ కుర్రాడు మళ్ళీ ఆఫీసుకి రాలేదు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని గోప్యత అంటే బాగానే ఉంటుంది. ఆ రోజు నా ఒంటికి మీటరు బిగిస్తామన్నా సరేననేవాణ్ణి.

స్టెత్
@పాతకాపు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మీరు చెప్పిన కేసునే తీసుకోండి. జ్వరం మాత్ర వేసుకున్న మనిషిని గేటు దగ్గర కెమెరా పట్టుకోలేదు, పారాసెటమాల్ చేసే పనే అది. అసలు కోవిడ్‌లో లక్షణాలు కనపడటానికి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకి అంటించగలరు, కొందరికి లక్షణాలే రావు. వీళ్ళందరికీ గేటు దగ్గర పచ్చ దీపమే.

ఆ కెమెరాలు నుదుటి చర్మం వేడిని చూస్తాయి, లోపలి వేడిని కాదు. ఎండలోంచి వచ్చినవాడికి ఎక్కువ, ఏసీ కారులోంచి దిగినవాడికి తక్కువ. అమెరికాలో మందులు, వైద్య పరికరాల్ని చూసే ఎఫ్‌డీఏ 2020 ఏప్రిల్‌లో ఈ కెమెరాల గురించి మార్గదర్శకాలిచ్చింది. ఒక్కసారికి ఒక్క మనిషినే చూడాలి, కంటి లోపలి మూల దగ్గర కొలవాలి, ఎండా గాలీ తగలని చోట పెట్టాలి, కెమెరాకి ఎదురుగా వేడి ఎంతో కచ్చితంగా తెలిసిన బ్లాక్‌బాడీ అనే పరికరం ఉంచి దాంతో పోల్చుకోవాలి. మీలో ఎంతమంది ఆఫీసులో ఇలా చేశారు? నేను చూసినచోటల్లా గుంపులో నడుచుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఒకాయన ఎందుకొచ్చాడు? సెలవులు కట్ అవుతాయని. ఆ రోగానికి మందు జీతంతో కూడిన సెలవు.

పాతకాపు
కెమెరా పట్టుకోలేదు సరే, భయం ఉంటుందిగా. గేటు దగ్గర చూస్తారని తెలిస్తే కొందరైనా ఇంట్లో ఆగుతారు.

స్టెత్
కొందరు ఆగుతారు. కొందరు ఇంకో మాత్ర వేసుకుంటారు.

వానచినుకు
ఆ గేటు కెమెరా గురించి నాది వినండి. అప్పటికి నాకు పీరియడ్స్ ఆగిపోయే దశ, ఉన్నట్టుండి మెడ నుంచి ముఖం దాకా సెగ ఎక్కేది. ఒక రోజు లిఫ్టు పనిచేయక మెట్లెక్కి వచ్చాను, సరిగ్గా కెమెరా ముందు నిలబడ్డప్పుడు మొదలైంది. ఎర్ర దీపం, బీప్ బీప్. వెనక క్యూ అంతా రెండడుగులు వెనక్కి. సెక్యూరిటీ అబ్బాయి పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, పాపం తప్పు అతనిది కాదు, లిస్టులో ఉన్నది చదవాలి, "మేడం, దగ్గుందా? విరేచనాలా? ఇంకేమైనా సమస్యా?" అని అందరికీ వినపడేట్టు అడిగాడు. ఏం చెప్పను? మాస్కులున్నాయి కాబట్టి గట్టిగా అరిచి చెప్పాలి కూడా. చివరికి చెప్పాను. మధ్యాహ్నానికి మా ఫ్లోర్‌లో అందరికీ తెలుసు. కొందరు మగాళ్ళు ఫ్యాన్ నా వైపు తిప్పడం మొదలుపెట్టారు, మంచి మనసుతోనే.

కెమెరా తప్పు చెప్పలేదు, నా ముఖం నిజంగానే వేడిగా ఉంది. ఆ వేడికి కారణం ఆఫీసుకి ఎందుకు చెప్పాల్సొచ్చిందన్నదే నా బాధ.

గోడమీదపిల్లి
ఫ్యాన్ తిప్పినవాళ్ళలో నేను ఉండి ఉంటే క్షమించండి.

అర్ధరాత్రి_లాగిన్
@వానచినుకు గారు చెప్పింది కెమెరా గురించి. వాచీ ఇంకో పది మెట్లు పైన. దాన్ని తీసిపారేయడానికీ లేదు, పనిచేస్తుంది. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2020లో స్మార్ట్‌వాచ్ ఉన్న 32 మంది కోవిడ్ రోగుల డేటా చూస్తే 26 మందిలో గుండె వేగం, అడుగులు, నిద్ర ఏదో ఒకటి మారింది, చాలామందిలో లక్షణాలకంటే ముందే, లేదా వాటితోపాటే. నిజంగా గొప్ప విషయం.

కానీ విశ్రాంతిలో గుండె వేగం కోవిడ్‌కే పెరగదు. రాత్రి మందు కొడితే పెరుగుతుంది, ఇంట్లో గొడవైతే పెరుగుతుంది, గర్భం వస్తే తొలి నెలల్లోనే పెరుగుతుంది. ఒంటి వేడి చూసే వాచీకి నెలసరి ఎప్పుడో కూడా తెలుస్తుంది. వైరస్ కోసం వేసిన వలలో ఇవన్నీ పడతాయి, వెనక్కి వదిలేస్తారన్న హామీ ఏదీ? అమ్మకి కూడా చెప్పకముందే కంపెనీ డాష్‌బోర్డుకి తెలిసిపోతుంది.

చెవిలోపువ్వు
"శుభాకాంక్షలు, మీ ప్రాజెక్టు వేరేవాళ్ళకి ఇచ్చాం."

వానచినుకు
జోక్ అనుకుంటున్నారు, కానీ నేను చూశాను అలాంటివి. వాచీ లేకుండానే.

మూడోక్యాబిన్
మా వాళ్ళు చెప్పేది "ఎవరి డేటా విడిగా చూడం, టీమ్ సగటు మాత్రమే చూస్తాం" అని. దానికేమంటారు?

సర్క్యూట్‌బోర్డ్
మీ టీమ్‌లో ఎంతమంది?

మూడోక్యాబిన్
నాతో కలిపి ఐదుగురం.

సర్క్యూట్‌బోర్డ్
అయితే సగటుకి అర్థం లేదు. ఒకరు సెలవులో ఉన్న వారం నలుగురి సగటు, వచ్చిన వారం ఐదుగురి సగటు. సగటుల్ని మొత్తాలుగా మార్చి తీసివేత చేస్తే, మిగతావాళ్ళ నిద్ర పెద్దగా మారకపోతే, ఆ ఒక్కరి నిద్ర దాదాపుగా బయటికొస్తుంది. స్కూలు లెక్క. కనీసం ఇంతమంది లేనిదే సగటు చూపించకూడదని ఒక హద్దు పెట్టాలి, ఆ హద్దు ఎంతో మీ ఫారంలో ఉందేమో చూడండి.

మూడోక్యాబిన్
లేదు. "పరిశ్రమ ప్రమాణాల ప్రకారం" అని ఉంది.

నల్లకోటు
కార్మిక కేసులు చూస్తుంటాను. ఏ దేశమో చెప్తే చట్టం సంగతి చెప్పొచ్చు.

మూడోక్యాబిన్
చెప్పలేను సార్. మా హెచ్‌ఆర్‌లో తెలుగువాళ్ళున్నారు, ఈ ఫోరం చదువుతారు.

పెన్నుమూత
నేను కాదు, ఒట్టు.

నల్లకోటు
సరే, అన్నీ కాస్త కాస్త చెప్తాను, మీది ఏదైతే అది పట్టుకోండి.

యూరప్ అయితే ఆరోగ్య సమాచారం అక్కడి డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 9వ అధికరణ కింద ప్రత్యేక కోవకి వస్తుంది. అక్కడ యజమానికి ఉద్యోగి ఇచ్చిన సమ్మతిని అంత తేలిగ్గా సమ్మతిగా లెక్కెయ్యరు, కాదంటే ఏమవుతుందోనన్న భయం ఉన్నచోట ఇష్టం అనేదానికి విలువేముంది? మీ ఎర్ర గడులు దానికి చక్కటి సాక్ష్యం, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఫ్రాన్స్‌లో డేటా సంస్థ సీఎన్‌ఐఎల్ 2020లోనే గీత గీసింది. గుమ్మం దగ్గర చేత్తో థర్మామీటర్ పెట్టి చూసి, ఎక్కడా రాసుకోకపోతే అది డేటా చట్టం పరిధిలోకి రాదు. వేడి చూసే కెమెరాలు పెట్టినా, చూసింది నమోదు చేసినా ఒప్పుకోలేదు. లిస్ అనే ఊళ్ళో బడి పిల్లలకి అలాంటి కెమెరాలు పెడితే, వాడకం ఆపమని ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2020 జూన్ 26న ఆదేశించింది.

అమెరికాలో ఇంకో రకం. మామూలు రోజుల్లో ఉద్యోగికి టెంపరేచర్ చూడటం వైద్య పరీక్ష కిందికి వస్తుంది, ఇష్టం వచ్చినట్టు చేయడానికి లేదు. 2020 మార్చిలో ఈఈఓసీ, అంటే ఉద్యోగాల్లో వివక్షని చూసే ప్రభుత్వ సంస్థ, మహమ్మారి దృష్ట్యా చూడొచ్చని చెప్పింది, కానీ ఆ వివరాలు ఉద్యోగి మామూలు ఫైల్‌లో కలపకూడదు, విడిగా రహస్యంగా ఉంచాలి. 2022 జూలైలో కోవిడ్ టెస్టుల విషయంలోనూ బిగించింది, పనికి నిజంగా అవసరమని చూపించగలిగితేనే తప్పనిసరి చేయాలంది. మీ యాప్‌లో "ఇంట్లో ఎవరికైనా బాగోలేదా" అని అడిగారన్నారు చూశారా, అక్కడ ఆ ప్రశ్నకే చిక్కు. కుటుంబ సభ్యుల వైద్య సమాచారం అడగకూడదని 2008 నాటి జన్యు సమాచార చట్టం ఉంది. "కోవిడ్ ఉన్నవాళ్ళు ఎవరితోనైనా దగ్గరగా మెలిగారా" అని అడగమన్నారు. పని అదే, మీ అత్తగారి పేరు మాత్రం రికార్డులోకి ఎక్కదు.

భారత్‌లో 2011 నాటి ఐటీ నిబంధనల్లో శారీరక, మానసిక ఆరోగ్య స్థితి, వైద్య రికార్డులు, బయోమెట్రిక్స్ సున్నితమైన డేటా కింద ఉన్నాయి. 2023లో చేసిన డేటా రక్షణ చట్టంలో సున్నితమైన డేటా అని వేరే వర్గమే పెట్టలేదు. పైగా 7వ సెక్షన్‌లో ఉద్యోగ అవసరాలకీ, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికీ సమ్మతి అడగకుండానే వాడుకునే వెసులుబాటు ఇచ్చింది. నిద్ర లెక్కలు ఆ గొడుగు కిందికి వస్తాయా అన్నది ఎవరో ఒకరు కోర్టుకెళ్తే తేలాల్సిందే.

గోడమీదపిల్లి
మూడు దేశాలు తిరిగొచ్చాం, వీసా ఖర్చు లేదు.

పెన్నుమూత
@నల్లకోటు గారూ, 2023 చట్టం సరే, 2020లో మా పరిస్థితి కూడా రాయండి. భారత్‌లోనే 2020 మే 1న హోంశాఖ ఉత్తర్వు, ఉద్యోగులందరి ఫోన్లలో ప్రభుత్వ కోవిడ్ యాప్ ఆరోగ్య సేతు ఉండాలి, నూరు శాతం బాధ్యత సంస్థ అధిపతిది అని. మే 17న దాన్ని వీలైనంత మేరకు చూడండి అని సడలించారు. ఆ మధ్య రోజుల్లో ఉద్యోగుల ఫోన్లు పట్టుకుని యాప్ ఉందా లేదా అని చూసింది మాలాంటి వాళ్ళం. మమ్మల్ని రాక్షసుల్లా చూసేవాళ్ళు. తెల్లారితే కొత్త సర్క్యులర్, ఒకదానికి ఒకటి పొంతన ఉండేది కాదు.

నల్లకోటు
నిజమే. అప్పటి తొందరని ఎవరూ తప్పు పట్టడం లేదండి. 2020లో పెట్టినదానికి ముగింపు తేదీ ఎందుకు రాయలేదన్నదే నా ప్రశ్న.

అర్ధరాత్రి_లాగిన్
ముగింపు తేదీ ఒక్కటే కాదు, ఎందుకు వాడతామో చెప్పి ఆ మాట మీద నిలబడటం కూడా. సింగపూర్ ప్రభుత్వ కోవిడ్ యాప్ ట్రేస్‌టుగెదర్ గుర్తుందా? రోగికి దగ్గరగా మెలిగినవాళ్ళని వెతకడానికే అన్నారు. 2021 జనవరిలో నేర దర్యాప్తులో పోలీసులు ఆ డేటా తీసుకోవచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది. గొడవయ్యాక ఏడు రకాల తీవ్ర నేరాలకే పరిమితం చేస్తూ చట్టం చేశారు. జర్మనీలో లూకా అనే యాప్, హోటళ్ళలో ఎవరెవరు కూర్చున్నారో నమోదు చేసేది. మైన్స్‌లో ఒక మనిషి మరణం కేసులో సాక్షుల కోసం పోలీసులు ఆ డేటా తీసుకున్నారు, చట్టం ఒప్పుకోకపోయినా. ప్రభుత్వాల సంగతే ఇలా ఉంటే కంపెనీ మేనేజర్ ఎంత?

పాతకాపు
నేరస్తుణ్ణి పట్టుకోవడానికి వాడితే తప్పేంటి అసలు?

అర్ధరాత్రి_లాగిన్
తప్పా ఒప్పా తర్వాత. అలా వాడతారని తెలిస్తే వచ్చే మహమ్మారిలో జనం యాప్ పెట్టుకోరు. మీరు కోరుకునే భద్రత అక్కడే గండి పడుతుంది.

సేఫ్టీబూట్లు
ఫ్యాక్టరీ సేఫ్టీ వాణ్ణి. ఇక్కడ అందరూ డెస్క్ ఉద్యోగాలవాళ్ళు, ఇంటి నుంచి పని చేయొచ్చు. మాకు ఆ వీల్లేదు, మెషిన్ ఇంటికి రాదు. బ్యాడ్జీలు మాకు పనికొచ్చాయి. ఒకరికి పాజిటివ్ వస్తే షిఫ్ట్ మొత్తం కాకుండా దగ్గరగా పనిచేసిన కొందరినే ఆపగలిగాం, మిగతావాళ్ళకి కూలి పోలేదు. @సర్క్యూట్‌బోర్డ్ చెప్పిన ఇనుము సమస్య మాకు రోజూ ఉండేది, అయినా ఏమీ లేకపోవడం కంటే నయం.

కానీ మా దగ్గర యూనియన్ కూర్చుని రాయించుకుంది. సూపర్‌వైజర్‌కి స్క్రీన్ ఉండదు. లిస్టు డిస్పెన్సరీ నర్సు ఒక్కరే తీస్తారు, అది కూడా పాజిటివ్ కేసు వచ్చినప్పుడే. రెండు వారాలు దాటింది చెరిగిపోవాలి. ఒకసారి ఒక ఇంజనీరు "ఫలానావాళ్ళు టీ దగ్గర ఎంతసేపు నిలబడ్డారో తీసివ్వండి" అని అడిగితే నర్సమ్మ ముఖం మీదే కుదరదంది.

రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా బ్యాడ్జీ పెట్టుకునే పనిచేస్తున్నారు, ఎవరూ గోల చేయరు. ఎందుకంటే అది మనిషిని కాదు, మనిషి మీద పడిన రేడియేషన్‌ని కొలుస్తుంది. హద్దు ఉంది, అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటి మీద పడిన రేడియేషన్ కొలత), ఏ ఒక్క ఏడాదీ 50 దాటకూడదు. దాటితే యజమాని సమాధానం చెప్పుకోవాలి. తన లెక్క అడిగి చూసుకునే హక్కు పనివాడికి ఉంది. మీ వాచీ దీనికి తలకిందులు. కొలిచేది మిమ్మల్ని, చూసేది వాళ్ళు, సమాధానం చెప్పాల్సింది మళ్ళీ మీరే.

సర్క్యూట్‌బోర్డ్
ఈ పోస్టు పైన పిన్ చేయాలి.

స్టెత్
@సేఫ్టీబూట్లు చెప్పిన దారిలోనే ఇంకో మాట. గాలి ద్వారా పాకే జబ్బుకి మనిషిని కొలవడం కంటే గదిని కొలవడం తేలిక. గోడకి కార్బన్ డయాక్సైడ్ మీటర్ పెట్టండి. బయటి గాలిలో సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల్లో 420 వంతులు, ఉంటుంది. మీటింగు రూములో తలుపులేసుకుని పదిమంది కూర్చుంటే చూస్తుండగానే వెయ్యి దాటుతుంది. అంటే ఒకరు వదిలిన గాలే ఇంకొకరు పీలుస్తున్నారని. కిటికీ తీస్తే అంకె దిగడం కళ్ళారా చూడొచ్చు. ఆ మీటర్‌కి ఎవరి పేరూ తెలియదు, ఎవరి నెలసరీ తెలియదు.

రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ సంగతి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. కొన్ని ఆఫీసుల్లో గేటు దగ్గర వేలికి తగిలించేవాళ్ళు. 2020 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది, ఆక్సిజన్ పడిపోయినా యంత్రం బాగుందని చూపించడం తెల్లవాళ్ళలో కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని. ఒంటి రంగుని బట్టి మారే అంకెతో గేటు తెరవడం, మూయడం ఏం పద్ధతి?

పాతకాపు
గది మీటర్ బాగానే ఉంది. కానీ గది మీటర్ పాజిటివ్ వచ్చినవాణ్ణి ఇంటికి పంపదు కదా. రెండూ కావాలి అంటాను నేను.

స్టెత్
పాజిటివ్ వచ్చినవాణ్ణి ఇంటికి పంపడానికి టెస్టు కావాలి, అతనికి జీతం కావాలి. చుక్కల బొమ్మ అక్కర్లేదు.

పాతకాపు
ఇక్కడ మాత్రం కలవం మనం.

చెవిలోపువ్వు
ఆరడుగుల దూరం పాటిస్తున్నారన్నమాట.

అర్ధరాత్రి_లాగిన్
వాచీల విషయంలో యూనియన్ ఏం చేయగలదో ఇంకో ఉదాహరణ, సరదాగా. 2020లో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ వాళ్ళు ఆటగాళ్ళందరినీ ఒకేచోట ఉంచి ఆడించినప్పుడు ఉంగరం ఇచ్చారు, నిద్ర, వేడి, గుండె వేగం చూసేది. ఇష్టమైతేనే పెట్టుకోవాలి. అంతకుముందే వాళ్ళ ఒప్పందంలో రాసుకున్నారు, ఇలాంటి పరికరాల డేటాని కాంట్రాక్టు బేరాల్లో వాడకూడదని. కోట్లు సంపాదించే ఆటగాళ్ళకే ఆ జాగ్రత్త కావాల్సొచ్చింది, మన సంగతి వేరే చెప్పాలా?

నల్లకోటు
కాగితం మీద లేని హామీ ఎటు పోతుందో కూడా చూడండి. హెచ్ అండ్ ఎమ్ బట్టల కంపెనీ నూరెంబర్గ్ సర్వీస్ సెంటర్లో సిక్ లీవు, సెలవుల నుంచి వచ్చినవాళ్ళని మేనేజర్లు "రండి, ఎలా ఉన్నారు" అని పలకరించేవాళ్ళు. విన్న జబ్బు లక్షణాలు, రోగ నిర్ధారణలు, కుటుంబ సమస్యలు అన్నీ రాసిపెట్టుకునేవాళ్ళు, పదుల మంది మేనేజర్లకి అవి కనిపించేవి. 2019లో కంప్యూటర్ సెట్టింగ్ తప్పు వల్ల ఆ నోట్లు కొన్ని గంటలపాటు కంపెనీలో అందరికీ తెరుచుకున్నాయి, అలా బయటపడింది. 2020 అక్టోబర్‌లో హాంబర్గ్ డేటా అధికారి 3.5 కోట్ల యూరోల పైన జరిమానా వేశారు. అక్కడ కెమెరా లేదు, వాచీ లేదు. నోటితో అడిగి చెవితో విన్నవే.

@మూడోక్యాబిన్ మీరు చేయాల్సింది చెప్తా. సంతకం పెట్టనని అనొద్దు, పెడతాననీ అనొద్దు. మెయిల్‌లో అడగండి: ఏ డేటా, ఎందుకు, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు, చేరకపోతే ఏమవుతుంది. పాత బ్యాడ్జీ డేటా మీ పేరు మీద ఉన్నదంతా కాపీ ఇమ్మని కూడా అడగండి. చాలా దేశాల్లో అది హక్కు. నోటితో అడిగితే నోటితోనే సమాధానం వస్తుంది.

పెన్నుమూత
ఆ మెయిల్ హెచ్‌ఆర్ మామూలు ఇన్‌బాక్స్‌కి పంపకండి, అక్కడ టికెట్ నంబరొచ్చి నిద్రపోతుంది. డేటా రక్షణ అధికారి ఉంటే ఆయనకి, కాపీ హెచ్‌ఆర్‌కి. మర్యాదగా రాయండి, "దాడి", "నిఘా" లాంటి మాటలొద్దు. మర్యాదగా రాసిన ప్రశ్నకి జవాబివ్వకుండా తప్పించుకోవడం కష్టం. మా వైపు నుంచి చెప్తున్నా.

గోడమీదపిల్లి
హెచ్‌ఆర్ వాళ్ళ నుంచే హెచ్‌ఆర్‌ని ఎలా ఇరికించాలో నేర్చుకుంటున్నాం. రాళ్ళు వెనక్కి తీసుకుంటున్నా.

మూడోక్యాబిన్
మెయిల్ పెట్టాను. ఇప్పుడే జవాబొచ్చింది. కొత్త వాచీ గురించి "త్వరలో ప్రశ్నోత్తరాల పత్రం విడుదల చేస్తాం" అన్నారు. బ్యాడ్జీ డేటా ఎప్పటి నుంచి ఉందో, ఎక్కడుందో "వెండర్‌ని కనుక్కుని చెప్తాం" అన్నారు. ఎర్ర గడులు తీసేశారు, ఇప్పుడు షీట్ హెచ్‌ఆర్‌కి మాత్రమే కనిపిస్తుందట.

సర్క్యూట్‌బోర్డ్
"వెండర్‌ని కనుక్కుని" అంటే వాళ్ళ దగ్గర తాళంచెవి లేదన్నమాట. ఒప్పందం ముగిశాక వెండర్ చెరిపాడని రాతపూర్వకంగా తీసుకున్నారేమో అడగండి. అప్పట్లో ఇలాంటి బ్యాడ్జీలు అమ్మినవాటిలో ఒకటి రెండు కంపెనీలు మూతపడి ఇంకొకరికి అమ్ముడుపోయి ఉంటాయి కూడా. మీ 2020 చుక్కలు ఇప్పుడు ఎవరి సర్వర్‌లో ఉన్నాయో.

మూడోక్యాబిన్
అది కూడా రాస్తాను. బ్యాడ్జీని అప్రైజల్‌లో వాడిన సంగతి ఇప్పుడే ఎత్తనా?

నల్లకోటు
ముందు డేటా కాపీ రానివ్వండి. చేతిలోకొచ్చాక ఎత్తండి.

కొత్తగాచేరా
పాత సభ్యులకి ఒక చిన్న సందేహం. మా దగ్గర బ్యాడ్జీ, వాచీ ఏమీ లేవు. కానీ కోవిడ్ అప్పటి నుంచి సిక్ లీవ్ పెట్టాలంటే లిస్టులోంచి జబ్బు పేరు ఎంచుకోవాలి, లేకపోతే సబ్మిట్ అవ్వదు. జ్వరం, దగ్గు, మానసిక ఒత్తిడి, స్త్రీ సంబంధ సమస్యలు, అన్నీ ఉన్నాయి. మేనేజర్‌కి కనిపిస్తుంది. అందరికీ ఇలాగే ఉంటుందా?

పెన్నుమూత
ఉండకూడదు. మేనేజర్‌కి ఎన్ని రోజులు రారో తెలిస్తే చాలు, కారణం అక్కర్లేదు. దీనికి వేరే థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

చెవిలోపువ్వు
లిస్టు చివర "ఇతరములు" ఉంటుంది చూడండి, అది నొక్కండి. మా ఆఫీసులో సగం మందికి అదే జబ్బు.